చించిల్లాకు టిమోతీ ఎండుగడ్డి: ఆరేళ్లు పెట్టిన తరువాత

ఎలుకల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జంతువు చించిల్లా. మా చించిల్లా చిట్టికి టిమోతీ అనే రకం ఎండుగడ్డినే ప్రధాన ఆహారంగా పెట్టడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. అంతకుముందు దాదాపు ఏడాదిపాటు గింజలు, ఎండుద్రాక్ష, రంగురంగుల ముక్కలు, పీచున్న గుళికలు కలిపిన మిశ్రమ దాణా పెట్టాను. రెండూ వాడి చూసినందువల్ల వచ్చిన అభిప్రాయం ఇది.

మిశ్రమ దాణా పెట్టిన రోజుల్లో గిన్నె చప్పుడు వినగానే చిట్టి పరుగెత్తుకొచ్చేది. అంత ఇష్టంగా తింటున్నది దానికి మంచిదే అయి ఉంటుందని నమ్మాను. నిజానికి అది ఎండుద్రాక్షను, పొద్దుతిరుగుడు గింజలను ఏరుకుని తిని, పీచున్న గుళికలను గిన్నె అడుగునే వదిలేసేది. తీపితోను, కొవ్వుతోను కడుపు నిండిన జంతువుకు గడ్డి మీదికి మనసు ఎలా పోతుంది? ఒకనాడు దాని గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అట్టకట్టి కనిపించింది. గుళికను నోటిదాకా తీసుకుని మళ్లీ జారవిడుస్తోంది. పశువైద్యురాలు పరీక్షించి, దవడ పళ్లు సరిగా అరగక వాటి అంచులు మొనదేలి నాలుకకు గుచ్చుకుంటున్నాయని చెప్పి, మత్తుమందు ఇచ్చి వాటిని అరగదీశారు. మత్తు దిగేదాకా ఆ చిన్న ప్రాణాన్ని చూస్తూ కూర్చున్న ఆ రెండు గంటలను నేను మరచిపోలేను.

చించిల్లా పళ్లన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లయితే ఏడాదికి 5 సెంటీమీటర్లకు పైగానే పెరుగుతాయి. చెక్కముక్క కొరికినప్పుడు అరిగేది ముందరి పళ్లే. దవడ పళ్లు అరగాలంటే ముతక పీచును గంటల తరబడి నమలాలి, ఆ పనికి గడ్డిని మించినది లేదు. ఆండీస్ కొండల్లోని ఎండు మొక్కలు తిని బతికిన జాతి కనుక, దాని పేగులు కూడా ఆ పీచును పులియబెట్టి బలం తీసుకునేలా ఏర్పడ్డాయి.

దాణాను ఒక్కసారిగా ఆపలేదు. రెండు వారాల పాటు మిశ్రమాన్ని రోజూ కొంచెం తగ్గిస్తూ, గింజలు లేని ఒకే రకం గుళికలను ఆ మేరకు పెంచుతూ, గడ్డిని మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచాను. మూడో రోజు అలిగినట్టు మూలన కూర్చుంది. గ్రాముల తక్కెడలో రోజూ తూచాను. 520 గ్రాములున్నది 508కి దిగి, నెలాఖరుకు తిరిగి 525కు వచ్చింది. ఇక్కడ పట్టుదలకు పోకూడదు. చించిల్లా తిండి పూర్తిగా మానేస్తే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలేయకుండా వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు సాయంత్రం పూట దాని ఒళ్లంత గడ్డి కుప్ప, ఒక పెద్ద చెంచాడు గుళికలు, మంచినీళ్లు. అంతే. క్యాబేజీ వంటివి అసలు పెట్టను; వాటివల్ల కడుపు ఉబ్బుతుంది, చించిల్లాకు వాంతి చేసుకునే శక్తి లేదు. అల్ఫాల్ఫా గడ్డిలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ కాబట్టి అది పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు తగినది. ఎదిగిన జంతువుకు రోజువారీ మేతగా నేను పెట్టను. రాత్రి దీపం తగ్గించాక చిట్టి ఒక పుల్లను రెండు ముందరి కాళ్లతో నిలువుగా పట్టుకుని, పైకొస నుంచి కరకరమని లోపలికి లాక్కుంటుంది. ఆ చప్పుడు ఏ రాత్రయినా వినపడకపోతే లేచి చూస్తాను.

గడ్డితో ఇబ్బందులు లేకపోలేదు. ఒక కట్ట పచ్చగా, కమ్మని వాసనతో వస్తే, మరొకటి గోధుమరంగుకు తిరిగి దుమ్ము రాలుస్తూ వస్తుంది. ముక్కిన వాసన కొట్టిన కట్టను ఎంత డబ్బు పోసి కొన్నదైనా పారేయవలసిందే. బోను చుట్టూ రోజూ ఊడవక తప్పదు. ఎండుద్రాక్షకు వచ్చినంత ఆత్రంగా అది గడ్డి దగ్గరికి ఏనాడూ రాలేదు కూడా.

అయినా నేను చూసేది ఆత్రాన్ని కాదు, పెంటికలను. మిశ్రమ దాణా రోజుల్లో చిన్నవిగా, కొన్నిసార్లు మెత్తగా ఉండేవి. ఇప్పుడు గట్టిగా, పొడిగా, ఒకే పరిమాణంలో ఉంటున్నాయి. ముందరి పళ్లు ఆరోగ్యానికి గుర్తయిన నారింజ రంగులోనే ఉన్నాయి. దవడ పళ్లను మళ్లీ అరగదీయవలసిన అవసరం ఈ ఆరేళ్లలో ఒక్కసారే వచ్చింది. ఒకసారి దారి తప్పిన పళ్లు పూర్తిగా మొదటి స్థితికి రాకపోవచ్చని వైద్యురాలు చెప్పినందువల్ల, ఆరు నెలలకొకసారి పరీక్షకు తీసుకెళ్లడం మాత్రం ఆపలేదు.