పాత కారుకి లోకల్ సామానా, కంపెనీ సామానా: ఏది మేలు?

మా ఆల్టో నంబరు ఇప్పటికీ ఓఆర్ 10 తోనే మొదలవుతుంది. 2008లో జయపురంలో కొన్నాం, అప్పటికి రాష్ట్రం పేరు ఇంకా ఒరిస్సాయే. 2023లో పదిహేనేళ్లు నిండితే అయిదు వేలు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాం. 2028 దాకా గడువుంది. అమ్మితే చేతికొచ్చేది ఏమీ లేదు. అందుకే షెడ్డుకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, "పాత బండే కదా, లోకల్ సామాను వేయించెయ్యండి" అని.

ఆ మాట పూర్తిగా తప్పని నేను అనను. కానీ ఈ బండి మీద మేం తిరిగే దారి చూడండి. విశాఖలో ఉన్న అక్క ఇంటికి ఏడాదికి ఆరేడుసార్లు వెళ్తాం. కొరాపుట్ ఘాటీ ఎక్కి, సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి ఘాటీ దిగితే సాలూరు. అక్కణ్ణుంచి విజయనగరం మీదుగా విశాఖ. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఒక ఘాటీ ఎక్కడం, ఇంకో ఘాటీ దిగడం ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే తిరగేసి. ఏ సామాను మేలో తేల్చాల్సింది ఈ దారిని చూసి. బండి ధర చూసి కాదు.

కొట్లో "లోకల్ ఇవ్వాలా, ఒరిజినల్ ఇవ్వాలా" అని అడుగుతారు. ఉన్నవి రెండే అనుకుంటాం గానీ మధ్యలో ఇంకోటుంది, నా మటుకు అదే అన్నిటికన్నా మంచిది. కార్ల కంపెనీలు బ్రేకు ప్యాడ్లూ క్లచ్ ప్లేట్లూ బేరింగులూ చాలామటుకు తామే తయారు చేసుకోవు, వేరేవాళ్ల దగ్గర చేయించుకుంటాయి. అలా సరఫరా చేసేవాళ్లే తమ సొంత డబ్బాలో పెట్టి బజారులోనూ అమ్ముతారు. బ్రేకులకి బ్రేక్స్ ఇండియా, రాణే, క్లచ్చికి వాలియో, షాకబ్జర్లకి గాబ్రియెల్, కరెంటు సామానుకి లూకాస్ టీవీఎస్, బాష్, బేరింగులకి ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్ లాంటివాళ్లన్నమాట. మారుతి డబ్బాలో వచ్చేదానికన్నా తక్కువలో వస్తాయి, పనితనం ఆ స్థాయిలోనే ఉంటుంది. లోకల్ అంటే ఎవరు చేశారో తెలియనిది, డబ్బా మీద పేరున్నా చిరునామా ఉండనిది.

లోకల్ ప్యాడ్లు నేనూ వేయించాను. జత 280 రూపాయలకి వచ్చింది, సరఫరాదారు డబ్బాలోదైతే 750 చెప్పారు. నాలుగు నెలలు జయపురం వీధుల్లో తిరిగినంత కాలం ఏ తేడా తెలియలేదు. దసరాకి నలుగురం, సామానుతో సుంకి ఘాటీ దిగుతున్నాం. రెండో గేరులో దిగాల్సింది, మూడో గేరులో దిగాను, అది నా తప్పే. ఏడెనిమిది మలుపులు తిరిగేసరికి కాలిన వాసన మొదలైంది. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే గట్టిగానే ఉంది, కానీ బండి ఆగడం లేదు. ముందున్న లారీ వెనక బోర్డు మీది అక్షరాలు పెద్దవవుతున్నాయి. హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగుతూ, గేరు రెండుకి తెచ్చి, లారీలు ఆగే వెడల్పు జాగాలోకి తిప్పాను. ముందు చక్రాల దగ్గర పొగ. మా అమ్మ ఒక్క మాటా అనలేదు, దిగి వెళ్లి రాతి మీద కూర్చుంది. నలభై నిమిషాలు ఆగి, రెండో గేరులో నడక వేగంతో సాలూరు చేరాం.

సాలూరు లారీల ఊరు, బ్రేకులు చూసే షెడ్డు కోసం వెతుక్కోనక్కర్లేదు. అక్కడి మెకానిక్ చక్రం విప్పి ప్యాడు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. పైపొర అద్దంలా మెరుస్తోంది. అంచులు బిస్కెట్టులా రాలిపోయాయి. ఒక మూల మసాలా, అంటే డిస్కుకి ఒరుసుకునే పొర, ఇనప రేకు నుంచి లేచి, గోరు దూరేంత సందు పడింది. డిస్కు మీద నీలం మచ్చలు.

"ఏటి బాబూ ఇది? ఏ కొట్లో కొన్నారు, బిల్లుందా?"

"జయపురంలోనే అన్నియ్యా. బిల్లివ్వలేదు."

"మా లారీలోళ్లు ఇలాటివి ముట్టుకోరు బాబూ. లోడేసుకొని ఈ ఘాటీయే దిగాల కదా."

ఆ రోజు జరిగింది ఇది. ప్యాడులోని మసాలాని పట్టి ఉంచేది ఒక రకం జిగురు. నాసిరకందైతే వేడికి అది కాలి, ప్యాడుకీ డిస్కుకీ మధ్య పట్టు పోతుంది. పెడల్ గట్టిగా ఉండీ బండి ఆగకపోతే తప్పు ప్యాడులో ఉన్నట్టు. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతే బ్రేకు ఆయిల్ మరిగినట్టు. ఈ రెండో దానికి మందు ఇంకా చవక. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. గాలిలో తేమ పీల్చుకుంటే ఆ కనీసం 140కీ 155కీ పడిపోతుంది. మా వైపు వానలకి తేమకి కొదవ లేదు. అందుకే రెండేళ్లకోసారి మార్చుకోవాలి. సీలు తీసి బల్ల మీద పెట్టిన డబ్బా నుంచి పోస్తానంటే ఒప్పుకోకండి, సీలున్న చిన్న సీసా కొనండి.

కాబట్టి బండిని ఆపేవీ తిప్పేవీ, అంటే ప్యాడ్లు, బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, బ్రేకు గొట్టాలు, టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్, వీటిలో లోకల్ మాట ఎత్తకండి. చేతిలో డబ్బు లేకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి, పండక్కి బస్సులో వెళ్లండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గొడవ పడతాను.

క్లచ్ సంగతి వేరు. అది పాడైతే ప్రాణం మీదకి రాదు, జేబు మీదకి వస్తుంది. మా ఎదురింటి మాస్టారిదీ ఆల్టోయే. ఆయన లోకల్ సెట్టు 1,600 పెట్టి కొన్నారు, కూలి 1,800. పద్నాలుగు నెలలకే రిలీజ్ బేరింగు కూత మొదలుపెట్టింది, ప్లేటు జారడం మొదలైంది. మళ్లీ గేర్ బాక్సు దింపారు, మళ్లీ అదే రకం సెట్టు, అదే కూలి. మొత్తం 6,800. నేను 3,000 పెట్టి సరఫరాదారు సెట్టు వేయించాను, కూలితో 4,800, మూడో ఏడు నడుస్తోంది. మా మెకానిక్ మాస్టారికి ముందే చెప్పాడు, "లోకల్ ఏస్తే సామాను తగ్గుతాది గాని, గేర్ బాక్సు దింపే కూలి తగ్గదు కదండీ" అని. బిగించడానికి పట్టే కూలి సామాను ధరకి దగ్గరగా ఉంటే లోకల్ ఎప్పుడూ నష్టమే.

ఆయిల్ ఫిల్టర్ దగ్గర బేరమాడడం నాకు అసలు అర్థం కాదు. తేడా వంద రూపాయల లోపు. మంచి ఫిల్టర్ లోపల చిన్న రబ్బరు మూత ఉంటుంది, ఇంజను ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆ రబ్బరు నాసిరకందైతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు క్షణాలు ఇంజను గలగలమంటుంది. ఆ కాసేపూ లోపలి భాగాలు సరైన ఆయిల్ లేకుండా ఒరుసుకుంటున్నట్టు.

ఇక లోకల్ బాగా పనికొచ్చే చోట్లూ ఉన్నాయి, అక్కడ వేయించుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. పక్కద్దం, తలుపు పిడి, మడ్‌ఫ్లాపులు, వెనక లైటు గాజు, బంపరు. బజారులో ఆటో గీరితే మళ్లీ మార్చాల్సినవే ఇవి. నా ఎడమ పక్కద్దం లోకల్‌దే, బాగానే ఉంది. హెడ్‌లైటు మాత్రం ఈ వరసలో చేర్చను. చవక దాంట్లో వెలుగు చెల్లాచెదురై, పొట్టంగి దగ్గర మంచు పట్టిన రాత్రి రోడ్డు అంచు కనపడదు.

తలుపు, డిక్కీ మూత, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు లాంటివి పెద్ద ఖర్చు. వీటికి పాత బండ్లు విప్పే తుక్కు కొట్టులో దొరికే వాడిన ఒరిజినల్ సామాను, కొత్త లోకల్ కన్నా నయం. రేకు మందం సరిపోతుంది, బోల్టు రంధ్రాలు కలుస్తాయి. రబ్బరు, బెల్టు, బ్రేకు సామాను మాత్రం అక్కడ కొనకూడదు, వాటి ఆయుష్షు ఇంకొకరి చేతిలో అయిపోయి ఉంటుంది.

కొనేటప్పుడు బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు సామాను మీద జీఎస్టీ 18 శాతం. ఆ డబ్బు మిగులుతుందని బిల్లు వద్దంటే, రేపు డబ్బాలో నకిలీ ఉందని తేలినా కొట్టువాడు గుర్తుపట్టడు. పేరున్న కంపెనీల డబ్బాలకీ నకిలీలు వస్తున్నాయి కాబట్టి పార్ట్ నంబరు డబ్బా మీద, లోపలి సామాను మీద కలుస్తోందో లేదో చూడండి. పాత సామాను వెంట తీసుకెళ్లి రెండు చేతుల్లో రెండూ పట్టుకుంటే బరువు తేడా కూడా తెలుస్తుంది.

మా బండికి ఇప్పుడు మిగిలిన పెద్ద పని టైమింగ్ బెల్టు. తర్వాత వచ్చిన ఆల్టో కె10లో చైను ఉంటుంది, మా 796 సీసీ ఇంజనులో బెల్టే. తెగితే ఇంజను ఆ క్షణమే ఆగిపోతుంది, ఘాటీ మధ్యలో అయినా సరే. 2028 దాకా ఉంచే బండికి ఇది ఒక్కసారి మారిస్తే చాలు. అందుకని ఈసారి మధ్య దారి కూడా వదిలి, బెల్టూ, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ రెండూ మారుతి డబ్బావే తెచ్చాను. వచ్చే ఆదివారం బిగిస్తారు. ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు కాగితం మీద రాసి, బిల్లుతో కలిపి డ్యాష్‌బోర్డు అరలో పెడతాను.