ఏసీ వేయని బండి కింద ఏసీ నీళ్ళు: అద్దె కారవాన్‌తో జాగ్రత్త

విశాఖలో కారవాన్ అద్దెకు ఇచ్చే ఆ పెద్దమనిషి ఎవరో ఇక్కడున్న చాలామందికి చెప్పకుండానే అర్థమవుతుంది కనుక పేరు రాయడం లేదు. బీచ్ రోడ్డులో పొద్దు పొడిచే వేళ నిలబెట్టి తీసిన తెల్లబండి ఫోటోలు, అందులోని రెండు పరుపులు, బుల్లి ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి మీరూ చూసే ఉంటారు. నేనూ చూశాను, మురిసిపోయాను, రెండు రోజులకు 14,000 రూపాయల అద్దె, దానిపైన 20,000 రూపాయల డిపాజిట్ బేరమైనా ఆడకుండా పంపించాను. అరకు వెళ్ళే కిరండూల్ రైలులో విస్టాడోమ్ (అద్దాల పెట్టె) టికెట్లు దొరకలేదన్న ఉక్రోషంలో ఉన్నాను కనుక ఆ పూట ఎడ్లబండి చూపించినా ఒప్పుకునేవాడినేమో.

మొన్న శనివారం తెల్లవారుజామున బండి తీసుకునేటప్పుడు ఇంజిన్ కింద నేల మీద అరచేయంత తడి కనిపించింది. ఇదేమిటని అడిగితే, "ఏసీ నీళ్ళు అన్నయ్యా, అన్ని బండ్లకీ ఉండేదే" అన్నారు. ఈ చలిలో, రాత్రంతా షెడ్డులో నిలబడి ఉన్న బండికి ఏసీ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని అడగవలసిన నేను తల ఊపి తాళాలు పుచ్చుకున్నాను. వంగి వేలితో తాకి చూసినా విషయం తెలిసిపోయేది, ఎందుకంటే ఏసీ నుంచి కారేది రంగులేని మామూలు నీరు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ అయితే రంగుగా, వేలికి జిడ్డుగా తగులుతుంది. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్న నాకు ఆ ఒక్కసారి నడుము వంగలేదు.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట వరకు బండి పెళ్ళికూతురిలా నడిచింది. చదును రోడ్డు మీద గాలి బాగా తగులుతుంది, ఇంజిన్‌కు శ్రమ తక్కువ, అందువల్ల కూలెంట్ కొంచెం కొంచెంగా కారిపోతున్నా లోపం బయటపడదు. ఘాట్‌లో సెకండ్ గేరులో బరువు లాగుతూ నెమ్మదిగా ఎక్కేటప్పుడు వేడి పెరుగుతుంది, తగిలే గాలి తగ్గుతుంది, రేడియేటర్‌లో నిలవవలసిన ఒత్తిడి ఆ కారే చోటు నుంచి పోతుంది కనుక ఉన్న కాస్త నీరూ త్వరగా మరుగుతుంది. టైడ దాటిన తర్వాత ఒక మలుపులో వేడి చూపించే ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత మీదికి లేచింది, ముందు నుంచి తెల్లటి ఆవిరి అద్దాన్ని కప్పేసింది. అంచుకు ఆపి, చక్రాల వెనుక రాళ్ళు పెట్టి, డెబ్బై రెండేళ్ళ మా మామగారిని గట్టు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను.

సిగ్నల్ ఒక గీత మాత్రమే ఉంది. యజమానికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను, అదే నేను చేసిన మరో తప్పు. పొద్దున "అన్నయ్యా" అన్న నోటితోనే ఆయన, "ఘాట్‌లో నడపడం రానప్పుడు కారవాన్ ఎందుకండీ, ఆటో కట్టించుకుని వెళ్ళవలసింది" అన్నారు. మా ఆవిడ, పిల్లలు, మామగారు అందరూ విన్నారు. నేను ఏదో చెప్పబోతుంటే, "నా మనిషి వచ్చేదాకా బండి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు, వేస్తే డిపాజిట్ మరిచిపోండి" అని పెట్టేశారు. ఆ తర్వాత నాలుగు గంటలపాటు ఆ మనిషి రాలేదు, యజమాని ఫోన్ స్విచ్ఛాఫ్. నేను పంపిన వీడియోకు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి, అంటే తిట్టడానికి పనిచేయని ఫోన్ చూడటానికి పనిచేస్తోందన్నమాట. ఎదుటి కొండ మీద ఎక్కడో రైలు కూత వినిపిస్తే మామగారు నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

పొద్దు వాలుతుండగా, ఆ దారిన పోతున్న జీపు డ్రైవరు చెప్పగా ఎస్.కోట నుంచి ఒక మెకానిక్ మోటారు సైకిలు మీద వచ్చాడు. రేడియేటర్ పై గొట్టాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు. దాని నడిమి చీలిక మీద సైకిల్ ట్యూబు ముక్కను నాలుగు చుట్లు చుట్టి, బైండింగ్ వైరుతో బిగించి ఉంది. ఆ ట్యూబు ముక్క ఎండి బిరుసెక్కింది, వైరు తుప్పు పట్టింది, పైన నూనె, దుమ్ము కలిసి గోరుతో గీకితే గానీ రాని పొరగా పేరుకుంది. "ఇది ఇవాళ్టి కట్టు కాదు సార్" అన్నాడు అతను. గొట్టం, కూలెంట్, రాకపోకలు, చీకట్లో చేసిన పని అన్నీ కలిపి 2,800 రూపాయలు మాత్రమే తీసుకున్నాడు. వలిసె పూల పసుపు రంగు చూడకుండానే, అరకు ముఖం చూడకుండానే, బొంగు చికెన్ వాసనైనా తగలకుండానే వెనక్కి తిరిగి అర్ధరాత్రికి విశాఖ చేరాం.

మర్నాడు బండి అప్పగిస్తే ఆయన గొట్టం వైపు కన్నెత్తి చూడలేదు. బయటి మెకానిక్ చేత విప్పించాను కనుక షరతు తప్పానట, ఇంజిన్ హెడ్ దించి చూడాలట, డిపాజిట్ అందులోకే పోతుందట. బండి ఆయన ఎదుటే స్టార్ట్ అయి, పొగ లేకుండా, ముల్లు కదలకుండా నిలబడి ఉంది. సైకిల్ ట్యూబు సంగతి ఏమిటంటే, "మీరే చుట్టించి ఉంటారు" అన్నారు. నాలుగు గంటలు రోడ్డు మీద కూర్చున్న నేను ఆ ట్యూబు మీద ఏళ్ళనాటి దుమ్మును కూడా పేర్చగలిగానంటే నా పనితనాన్ని నేనే మెచ్చుకోవాలి.

ఇంటికి వచ్చాక మరొకటి తట్టింది. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండికి నల్లపలక మీద పసుపు అక్షరాలు ఉండాలి, డ్రైవరుతో ఇచ్చే వాణిజ్య వాహనానికి పసుపు పలక మీద నల్ల అక్షరాలు ఉండాలి. మాకిచ్చినది తెల్లపలక. ఘాట్‌లో జరగరానిది జరిగి ఉంటే, సొంత వాడుకకు చేయించిన బీమా మా వైపు నిలిచేదా అన్న ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాను. అక్కడ 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

తీసుకోక తప్పనివారు ముందు పలక రంగు చూడండి, ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, బీమా తేదీలు చూడండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తించి గొట్టాలను చేత్తో నొక్కి చూడండి. దారిలో చెడిపోతే ఖర్చు ఎవరిదో, ఎన్ని గంటల్లో మనిషిని పంపుతారో రాయించుకోండి. ఆవిరి కక్కుతున్న రేడియేటర్ మూత మాత్రం తీయకండి, ముఖం కాలుతుంది. మార్చిన పాత సామాను మెకానిక్ దగ్గర వదిలిపెట్టకండి. ఆ గొట్టం, దాని ట్యూబు చుట్లతో సహా, ప్రస్తుతం మా ఇంట్లో పాత పేపరులో చుట్టి ఉంది, ఫోటోలు కావలసినవారికి పంపుతాను.