విడిగా బంగారం, కలిపితే ముక్కు పాట

నా ఎలక్ట్రిక్ గిటార్‌లో ఈ రెండు హమ్‌బకర్లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే రెండు కాయిళ్ల పికప్‌లు) బిగించి మూడేళ్లు దాటింది. బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర సిరామిక్ అయస్కాంతంతో 16 కిలోఓమ్‌ల దాకా చుట్టినది (చుట్లు పెరిగితే మామూలుగా ఈ అంకె పెరుగుతుంది), నెక్ (గిటార్ మెడ) దగ్గర ఆల్నికో 2 అయస్కాంతంతో ఏడున్నర కిలోఓమ్‌లది. రెండూ వేర్వేరు కంపెనీలవి. విడివిడిగా వింటే దేనికీ వంక పెట్టలేను. కానీ నేను ఎక్కువగా వాయించేది స్విచ్ మధ్యలో పెట్టి, అంటే రెండు పికప్‌లూ కలిపి, క్లీన్ టోన్‌లో (సౌండ్‌ను బొంగురు చేసే డిస్టార్షన్ లేకుండా), వేళ్లతో. సరిగ్గా అక్కడే ఈ జత నన్ను ఏడు నెలలు ఏడిపించింది.

బిగించిన రోజే తేడా తెలిసింది. స్విచ్ మధ్యకు తేగానే బేస్ మాయం, జలుబు చేసిన మనిషి ముక్కుతో పాడినట్టు సౌండ్. రెండూ కలిస్తే నిండుగా రావాలి కదా, ఒక్కోదానికన్నా పలచగా వచ్చింది. స్విచ్ పాడైందేమో అనుకుని మార్చాను. తర్వాత 500కె పాట్లు (నాబ్‌ల కింద ఉండే భాగాలు), ఆ తర్వాత కెపాసిటర్. ప్రతిసారీ తీగలు విప్పడం, సోల్డర్ పొగ పీల్చడం, మళ్లీ తీగలెక్కించి ట్యూన్ చేయడం. చివరికి ఒక రాత్రి విసుగుతో నెక్ వాల్యూమ్ నాబ్‌ను 10 నుంచి 7కి దించాను. పోయిన బేస్ కొంత తిరిగొచ్చింది! అప్పుడు తట్టింది, రెండు పికప్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని. ఫేజ్ తేడా, అంటే ఒకదాని సిగ్నల్ పైకి వెళ్తుంటే రెండోదానిది కిందకు.

నిర్ధారించుకోవడానికి వాటి వైర్లు ఊడదీసి, హాట్ వైరుకు (సిగ్నల్ మోసేది) మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్, గ్రౌండ్‌కు నల్లది తగిలించి, ఓమ్స్‌లో పెట్టాను. పికప్ స్క్రూల మీద ఇనుప స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లాగితే బ్రిడ్జ్‌కి అంకె ఓ క్షణం పైకి ఎగిరింది, నెక్‌కి కిందకు పడింది. రెండూ ఒకే వైపు కదలాలి.

ఏదో ఒకదాని వైర్లు తిప్పేస్తే చాలు కదా అని నెక్‌వి తిప్పాను. తప్పు. దానికి లోపల ఒకే వైరు, బయట అల్లిన షీల్డే గ్రౌండ్, అది లోహపు కవర్‌కు అతికి ఉంటుంది. తిప్పేసరికి కవరే హాట్ అయింది. వేలు తగిలిన ప్రతిసారీ గుయ్‌మని హోరు. బ్రిడ్జ్‌కి నాలుగు వైర్లూ, విడిగా షీల్డూ ఉన్నాయి కాబట్టి నెక్‌ను యథాస్థితికి తెచ్చి, బ్రిడ్జ్ హాట్, గ్రౌండ్ మార్చుకుని, షీల్డ్‌ను గ్రౌండ్‌లోనే ఉంచాను. పది నిమిషాల పని. అందాకా కోపంతో చూసిన ఆ మధ్య పొజిషన్ ఆ తర్వాత నా చేతిని వదల్లేదు. బ్రిటిష్ బ్లూస్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ గిటార్‌లో ఇదే ఫేజ్ తేడా ఆయన ప్రత్యేకమైన సౌండ్ అయింది. ఆయన చేతిలో వేరు, నా చేతిలో వేరు!

బ్రిడ్జ్ పికప్‌ను మొదటి నెలలో తెగ పొగిడాను. డిస్టార్షన్‌లో ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ క్లీన్‌లో వాల్యూమ్ 6కి దించితే మొద్దుబారిపోతుంది, ఆల్నికో నెక్ పక్కన అరిచినట్టూ ఉంటుంది. దాన్ని తీగలకు ఒక మిల్లీమీటర్ దూరంగా దించాక సర్దుకుంది, పూర్తిగా కాదు. తీగ ఊగే వెడల్పు నెక్ దగ్గరే ఎక్కువ, అందుకే అక్కడ తక్కువ చుట్లున్నా సరిపోతుంది. ఆ మేరకు బ్రిడ్జ్‌కి కొంచెం ఎక్కువ చుట్లు కావాలి, రెట్టింపు అక్కర్లేదు. అది నాకు ఆలస్యంగా ఎక్కింది.

ఎక్కువగా గెయిన్ పెట్టి బ్రిడ్జ్‌లోనే వాయించేవాళ్లకు ఈ జత హాయిగా సరిపోతుంది. ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో క్లీన్ వాయించే నాకు మాత్రం 9 కిలోఓమ్‌ల దగ్గర ఒకటి చాలేమో. ఇంకా మార్చలేదు, మళ్లీ తీగలు విప్పాలంటే బద్ధకం. మారిస్తే మాత్రం నాలుగు వైర్లున్నదే, అదీ బిగించకముందే స్క్రూడ్రైవర్ ఆనించి చూశాకే.