ఏఓఎల్ రివ్యూ: సర్వీసుకి 3 స్టార్లు, ఆ గొంతుకి 5

ఏఓఎల్ (అమెరికా ఆన్‌లైన్) డయలప్, అంటే ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్, 2025 సెప్టెంబరు 30న ఆగిపోయింది, కాబట్టి ఇది చదివి ఎవరూ కనెక్షన్ తీసుకోలేరు. అయినా రివ్యూ రాస్తున్నా. అందులో ఉన్న ఒక గొంతుకి నేను బాకీ ఉన్నాను.

1999లో న్యూజెర్సీలో ఒక కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో అయిదుగురం ఉండేవాళ్ళం. అందరం వైటూకే (2000 వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారు కాకుండా సరిచేసే) పనికోసం వచ్చినవాళ్ళమే, కానీ ప్రాజెక్టు దొరికింది ఒక్కడికే, మిగతా నలుగురం బెంచ్ మీద. హాల్లో ఒక కంప్యూటరు, ఒకే ఫోన్ లైను. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డులో నిమిషాలు చూసుకుంటూ మాట్లాడాలి. అందుకని తలా కొంచెం వేసుకుని ఏఓఎల్ తీసుకున్నాం. నెలకి 21.95 డాలర్లు, ఎంతసేపు వాడుకున్నా అంతే. ఒకే అకౌంటు మీద ఎవరి స్క్రీన్ నేమ్ వాళ్ళు పెట్టుకోవచ్చు.

సర్వీసు సంగతి త్వరగా చెప్పేస్తా. పోస్టులో ఊరికే వచ్చే సీడీ వేస్తే చాలు, కంప్యూటర్ ముట్టుకోని మనిషి కూడా కాసేపట్లో నెట్‌లోకి వెళ్ళిపోవచ్చు, ఆ విషయంలో నిజంగా మెచ్చుకోవాలి. డయలప్ కాబట్టి ఫొటో ఒకటి తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, నెట్ వాడుతున్నంతసేపూ ఫోన్ ఎంగేజే. మొదలుపెట్టగానే ఏఓఎల్ వాళ్ళ సొంత పేజీలే ఎదురయ్యేవి, బయట ఇంకో పెద్ద ప్రపంచం ఉందని కొత్తవాళ్ళకి తట్టేది కాదు. మూడు స్టార్లు.

ఇక గొంతు. ఫోన్ లైనుని నెట్‌కి కలిపే మోడెం కీచుమని, బుస్సుమని, గరగరలాడి, చటుక్కున ఆగిపోయేది. అప్పుడు స్పీకర్లో ఒకాయన "వెల్‌కమ్!" అనేవాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగేది. మెయిల్ వచ్చుంటే "యూవ్ గాట్ మెయిల్!" అనేవాడు, రాకపోతే ఏమీ అనడు. ఆ ఒక్క క్షణం కోసం ఊపిరి బిగబట్టి కూచునేవాళ్ళం. పైగా హాల్లో పెట్టిన స్పీకరు కాబట్టి ఎవరికి ఉత్తరం వచ్చిందో, ఎవరికి రాలేదో వంటింట్లో పోపు వేస్తున్నవాడికి కూడా తెలిసిపోయేది. వారం రోజులుగా "వెల్‌కమ్" దగ్గరే ఆగిపోతున్నవాడి వంక ఎవరం చూసేవాళ్ళం కాదు.

మా తమ్ముడు గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి, అమ్మ చెప్పినవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి పంపేవాడు. అది చదవక ముందే సగం ఆనందం ఆ గొంతు ఇచ్చేసేది. "మెయిల్" దగ్గర గొంతు కొంచెం పైకి లేస్తుంది, వినండి ఒకసారి. తెలిసినాయన గేటు తీసుకుని వస్తూ బయటినుంచే కేకేసినట్టు ఉంటుంది. మేం ఆయన్ని పోస్టు బాబాయ్ అనేవాళ్ళం. పేరు తెలీదు. అసలు మనిషా, మెషీనా అని ఒక రాత్రి గంటసేపు వాదించుకున్నాం కూడా.

మనిషే. పేరు ఎల్‌వుడ్ ఎడ్వర్డ్స్, టీవీ స్టేషన్లలో పనిచేసినాయన. భార్య క్యారెన్ క్వాంటమ్ కంప్యూటర్ సర్వీసెస్ అనే కంపెనీలో కస్టమర్ సర్వీస్ ఉద్యోగి, తర్వాత ఏఓఎల్ అయింది ఆ కంపెనీయే. తమ సాఫ్ట్‌వేర్‌కి ఒక గొంతు ఉంటే బాగుంటుందని ఆ కంపెనీ పెద్దల్లో ఒకడైన స్టీవ్ కేస్ మాట్లాడుతుండగా విని, మా ఆయన్ని అడగనా అంది ఆవిడ. 1989లో ఆయన తన ఇంట్లో, ముందుగదిలో కూచుని, మామూలు క్యాసెట్ రికార్డర్‌లో "వెల్‌కమ్", "యూవ్ గాట్ మెయిల్", "ఫైల్స్ డన్", "గుడ్‌బై" అని చెప్పి ఇచ్చాడు. స్టూడియో లేదు, డైరెక్టరు లేడు. ముట్టింది 200 డాలర్లు. పదేళ్ళు తిరిగేసరికి ఆ సర్వీసుకి 2 కోట్లమంది చందాదారులు. తర్వాత ఆయన ఊబర్ కూడా నడిపాడు, 2016లో ఒక ప్యాసింజరు ఆ మాట అనిపించుకుని తీసిన వీడియో అందరూ చూశారు. నేనూ అప్పుడే ఆయన మొహం మొదటిసారి చూశాను, కళ్ళు చెమర్చాయి.

ఆపిల్ ఫోన్లలో మనతో మాట్లాడే సిరి గొంతు సంగతీ ఇలాంటిదే. అట్లాంటాలో ఉండే సుసాన్ బెనెట్ 2005 జులైలో నెలంతా, రోజుకి నాలుగు గంటలు, అర్థంపర్థం లేని వాక్యాలు చదివింది. ఎందుకంటే అన్ని శబ్దాల కలయికలూ రికార్డు చేయించినవాళ్ళకి కావాలి, తర్వాత ముక్కలు చేసి కావలసిన మాట అతుక్కోవడానికి. 2011లో ఐఫోన్ 4ఎస్ వచ్చాక, ఇది నీ గొంతేగా అని తోటి కళాకారుడు మెయిల్ పెడితే గానీ ఆవిడకే తెలియలేదు. ఆపిల్ ఎప్పుడూ ఆవిడ పేరు చెప్పలేదు, 2013లో తనే బయటికొచ్చి చెప్పుకుంది. సినిమాలో డబ్బింగ్ చెప్పినవాళ్ళ పేరు చిన్న అక్షరాల్లోనైనా పడుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్క లైను వెయ్యడానికి ఏమవుతుంది? గొంతు ఇచ్చినవాళ్ళ పేరు అడగడం మన హక్కు అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నాణ్యత సంగతికొస్తే, ఇప్పుడొచ్చే కంప్యూటర్ గొంతులు ఏ వాక్యమైనా తడుముకోకుండా చదివేస్తాయి, పనికి చాలా బాగున్నాయి, నేనూ వాడతాను. కానీ ఎల్‌వుడ్ గొంతులో టేపు తాలూకు ఆ కొంచెం మందం ఉంది, ఇంట్లో మనిషి మాట్లాడినట్టు. 5కి 5.

2024 నవంబరు 5న ఆయన పోయాడు. మర్నాడు 75 నిండేవి. వార్త చూడగానే హైదరాబాదులో ఉన్న నా పాత రూమ్మేటుకి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే, "పోస్టు బాబాయ్ పోయాడటరా" అన్నాడు వాడు.