అరచేతి మేరకు తిరుగులేదు: శిల్పాల పనిలో ఆర్టెక్ స్పేస్ స్పైడర్

ఉలి గాటు లోతెంతో, పెచ్చు ఎక్కడ లేస్తోందో కొలిచి భద్రపరచాలనుకునేవాళ్లు తరచుగా ఎంచుకునే 3డీ చేతి స్కానర్లలో ఆర్టెక్ స్పేస్ స్పైడర్ ఒకటి. 2015లో వచ్చింది. బరువు కిలో లోపే. నీలి ఎల్‌ఈడీ వెలుగుతో రాతి మీద ఒక నమూనా వేసి, అది ఎలా వంగిందో కెమెరాలతో చూసి, సెకనుకు 7.5 ఫ్రేముల చొప్పున ఆకారం లెక్కగడుతుంది. లేజర్ లేదు, శిల్పాన్ని తాకే పనీ లేదు. అందరూ చెప్పుకునే అంకెలు రెండు: 0.05 మి.మీ. కచ్చితత్వం, 0.1 మి.మీ. రిజల్యూషన్ (విడిగా పట్టగల అతి చిన్న వివరం). కొనేముందు చూడాల్సింది మూడో అంకె. దూరం పెరిగేకొద్దీ మీటరుకు మరో 0.3 మి.మీ. తప్పు కలుస్తుంది.

దాని సంగతి ఇది. స్కానర్‌ను రాతికి 20 నుంచి 30 సెం.మీ. ఎడంలోనే ఆడించాలి. ఒక్క ఫ్రేములో పట్టేది దగ్గర నుంచి 9×7 సెం.మీ., ఎడంగా పట్టుకుంటే 18×14 సెం.మీ. అంటే నిలువెత్తు విగ్రహం వేల అరచేతి ముక్కలతో కుట్టిన బొంత అవుతుంది. అతుకు అతుకుకూ వెంట్రుకవాసి తేడా వచ్చినా పాదం నుంచి తల దాకా పోయేసరికి అవన్నీ పోగవుతాయి. రెండు మీటర్ల విగ్రహంలో తయారీదారు లెక్క ప్రకారమే అర మిల్లీమీటరు దాటవచ్చు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ స్కాన్ చేసి పాతదానితో పోల్చితే తేడాలను రంగుల్లో చూపే పటంలో ఆ జారుడే భుజం అరిగినట్టు ఎర్రగా కనిపిస్తుంది. రాయి అరగలేదు, అతుకు జరిగింది.

అందుకే ముఖం, చేతివేళ్లు, నగల చెక్కడం, శాసనపు అక్షరాలు, పగుళ్ల అంచులు, వీటికి దీన్ని మించిన చేతి పనిముట్లు తక్కువ. మొత్తం విగ్రహానికి మాత్రం కొలత తెలిసిన స్కేల్ బార్లు పెట్టి ఫొటోగ్రామెట్రీ (అనేక కోణాల ఫొటోల నుంచి ఆకారం లెక్కగట్టడం) చేసి, ఆ చట్రంలో స్పైడర్ ముక్కలను కూర్చడమే దారి. అదే సంస్థ చేసే మరో స్కానర్ ఈవా వెడల్పుగా చూస్తుంది, పని త్వరగా సాగుతుంది. కానీ దాని 0.2 మి.మీ. రిజల్యూషన్‌కు సన్నటి ఉలి గీతలు మసకబారతాయి.

మొత్తం 0.1 మి.మీ.లోనే కావాలని పట్టుబట్టేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. చదరపు మీటరు ఉపరితలానికి 10 కోట్ల బిందువులు వస్తాయి. 0.2తో సరిపెట్టుకుంటే రెండున్నర కోట్లు. 1999లో స్టాన్‌ఫర్డ్ బృందం మైకలాంజిలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని లేజర్ స్కానర్‌తో, బిందువుకు బిందువు 0.25 మి.మీ. ఎడంలో కొలిస్తే 30 రాత్రులు, 480 స్కాన్లు పట్టాయి, 200 కోట్ల త్రికోణాలు తేలాయి. (పుస్తకాల్లో 434 సెం.మీ. అని ఉన్న విగ్రహం 517 సెం.మీ. ఉండటంతో వాళ్లు తెచ్చుకున్న స్కానర్ స్టాండే పొట్టిదైపోయింది.)

ఉపరితలం సహకరించనప్పుడు ఏం చెయ్యాలన్నది అసలు చిక్కు. నున్నటి పిక్క, స్తంభం లాంటి గుండ్రటి భాగాల మీద పట్టుకోవడానికి ఆనవాలు దొరక్క స్కానర్ దారి తప్పుతుంది. యంత్ర భాగాలకైతే ఆనవాళ్లుగా స్టిక్కర్లు అంటించేస్తారు. రంగు పొర మిగిలిన రాతికి ఆ పని చెయ్యకూడదు. మెరుపు తగ్గించే స్ప్రే కూడా అంతే, రాతి రంధ్రాల్లోకి దిగితే వదలదు. బదులుగా ఎగుడుదిగుడు వస్తువులున్న బల్లను శిల్పం పక్కన కదలకుండా నిలిపి, రెంటినీ కలిపి స్కాన్ చేసి, బల్లను తర్వాత తుడిచెయ్యాలి. మెరుగు పెట్టిన నల్లరాయి, కంచు అయితే ఏటవాలుగా పట్టాలి. స్కానర్ సెన్సిటివిటీ పెంచితే చిల్లులు పూడతాయి గానీ రాతిలో లేని గరుకు కొలతలో పెరుగుతుంది. చలువరాయి ఇంకో రకం: వెలుగు లోపలికి ఇంకి చెదురుతుంది కాబట్టి కొలత కాస్త గజిబిజిగా వస్తుంది. నేరుగా ఎండ పడే చోట నమూనా వెలిసిపోతుంది, నీడ కట్టాలి లేదా రాత్రి చెయ్యాలి.

చంకలు, జడ వెనక, వేళ్ల సందులు ఖాళీగానే మిగులుతాయి. వెలుగు వేసే కన్నూ చూసే కన్నూ ఒకే బిందువును అందుకోవాలి. వెడల్పు కన్నా లోతెక్కువున్న మడతలో అది కుదరదు.

కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కట్టేసి ఉంటుంది కాబట్టి పరంజా మీద ఇద్దరు కావాలి: ఒకరు స్కానర్‌కు, ఒకరు తెరకు. ఆన్ చెయ్యగానే మొదలెట్టొద్దు, లోపలి ఉష్ణోగ్రత నిలకడపడాలి. ఒక్కో స్కాన్ నిమిషం, రెండు నిమిషాలకు మించనివ్వకండి. నిమిషానికే 450 ఫ్రేములు. పక్క స్కాన్‌తో కనీసం మూడో వంతు కలవాలి.

స్కానర్‌తో వాడే సాఫ్ట్‌వేర్ ఆర్టెక్ స్టూడియోలో వరస ముఖ్యం: అక్కర్లేనిది తుడిచి, గ్లోబల్ రిజిస్ట్రేషన్ (ఫ్రేములన్నిటినీ ఒకదానితో ఒకటి సరిగా కుదర్చడం), ఔట్‌లయర్ రిమూవల్ (చెదురు బిందువులను తియ్యడం), ఆ తర్వాతే ఫ్యూజన్ (అన్నిటినీ ఒకే ఉపరితలంగా కలపడం). ఔట్‌లయర్లు తియ్యకుండా ఫ్యూజన్ చేస్తే చెదురు బిందువులు బొడిపెలై రాతిలో భాగమైపోతాయి. స్మూత్ ఫ్యూజన్ ఉలి గాట్ల అంచులను గుండ్రం చేస్తుంది, షార్ప్ ఎంచుకోవాలి. ఫ్యూజన్ రిజల్యూషన్‌ను 0.1 మి.మీ. కన్నా కిందికి దించితే దొరికేది వివరం కాదు, గరుకు. చిల్లులన్నీ పూడ్చి, నీళ్లు పోసినా కారకుండా చేసిన మెష్ (త్రికోణాల వలగా తయారైన ఉపరితలం) 3డీ ప్రింటుకు సరే. అధ్యయనానికి ఉంచే ప్రతిలో చిల్లులు చిల్లులుగానే ఉండాలి, పూడ్చింది సాఫ్ట్‌వేర్ ఊహే.

రంగు విషయంలో నిరాశే. 1.3 మెగాపిక్సెళ్ల కెమెరా ఆకారం అతకడానికి పనికొస్తుంది, వర్ణలేపనం చదవడానికి కాదు. మంచి కెమెరాతో కలర్ చార్ట్ పెట్టి విడిగా ఫొటోలు తీసి మెష్ మీద పరవాలి.

మార్పును పోల్చడానికి ఉచితంగా దొరికే క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్ చాలు. ముందు అదే శిల్పభాగాన్ని అదే రోజు రెండుసార్లు, రెండోసారి అంతా మొదటి నుంచి, స్కాన్ చేసి పోల్చండి. 95 శాతం బిందువులు ఏ తేడాలో పడ్డాయో అదే మీ హద్దు. అంతకన్నా చిన్న మార్పును నివేదికలో అరుగుదల అని రాయొద్దు. రెండు కాలాల మెష్‌లను మారని భాగాలతోనే జత చెయ్యాలి. మొత్తంతో జత చేస్తే ఊడిన పెచ్చు తాలూకు తేడా చుట్టూ పంచుకుపోయి మార్పు చిన్నదిగా కనిపిస్తుంది.

పెద్ద ఫిర్యాదు ఫైళ్ల గురించి. ముడి ఫ్రేములుండే ప్రాజెక్టు ఆర్టెక్ స్టూడియోలోనే తెరుచుకుంటుంది. లైసెన్సు లేని రోజు అది మూగ ఫైలు. కాబట్టి దాన్ని ఉంచుతూనే, పక్కన పీఎల్‌వై రకం (రంగునూ ఉంచుకోగల 3డీ ఫైలు) ప్రతి దాచాలి. ఎస్‌టీఎల్ రకం అయితే రంగు పోతుంది. రెండింట్లోనూ కొలత ప్రమాణం నమోదు కాదు గనక ఫైలు పేరులోనే మి.మీ. అని రాసి, స్కానర్ సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఫ్యూజన్ విలువ, ఆనాటి ఉష్ణోగ్రత ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో జత చెయ్యండి.