పికప్ తొట్టికి పట్ట, డబ్బా, హుడ్: ఏడేళ్ళు వాడి చూశాక

మాది కావలి. రొయ్యల మేత వ్యాపారం. 2018లో కొన్న బొలెరో పికప్ ఉంది, 1.7 టన్నుల మోడల్. ఇప్పటికి లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటింది. నెల్లూరు నుంచి మేత బస్తాలు తెచ్చుకోవడం, అల్లూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వైపు చెరువుల గట్ల దాకా చేర్చడం దాని పని. ఖాళీగా ఉన్న రోజుల్లో పొదలకూరు నిమ్మకాయలకో, మే నెలలో ఉలవపాడు మామిడికాయలకో కిరాయికి పోతుంది.

ఈ ఏడేళ్ళలో తొట్టి మీద మూడు రకాల కప్పులు వాడాను: మొదట తార్పాలిన్ పట్ట, తర్వాత రేకు డబ్బా, ఇప్పుడు కమాన్ల (వంచిన ఇనప పైపుల) మీద రెక్సిన్ గుడ్డ కప్పిన హుడ్. హుడ్ వేసి రెండున్నరేళ్ళయింది. మన తీరంలో, బస్తాలు మోసే బండికి హుడ్డే సరైనదని నా అనుభవం. అయితే దాన్ని కట్టించేటప్పుడు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అవి నాకు నష్టపోయాకే తెలిశాయి.

మేత గురించి ఒక మాట ముందు చెప్పాలి. బస్తా అడుగున చెయ్యంత తడి తగిలినా రెండు మూడు రోజుల్లో లోపల బూజు పడుతుంది. బయటికి కనపడదు. రైతు చెరువులో చల్లాక రొయ్య మేత తినకపోతే అప్పుడు మనకి ఫోన్ వస్తుంది. బస్తా రెండు వేల పైనే ఉంటుంది కానీ, పోయేది ఆ డబ్బు ఒక్కటే కాదు. మనిషికి మన మీద ఉన్న నమ్మకం పోతుంది. అందుకే నాకు తొట్టి కప్పు అంటే అంత పట్టింపు.

మొదటి మూడేళ్ళూ అందరిలాగే పట్ట, తాడు. ప్లాస్టిక్ పట్ట మూడు వేలకు వస్తుంది, కానీ మన ఎండకి రెండో వేసవి దాటేసరికి మడతల దగ్గర పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకో బాధ ఏమిటంటే, నేను ఒకే చోట సరుకు దించను. ఒక గట్టు మీద ఐదు బస్తాలు, ఇంకో గట్టు మీద పది. దించిన ప్రతిసారీ తాడు విప్పాలి, మళ్ళీ బిగించాలి. వానలో ఆ పని చేసేలోపు పైవరస తడుస్తుంది.

2021 నవంబర్‌లో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే మీద రాకపోకలు ఆగిపోయిన రోజులు నెల్లూరు జిల్లాలో ఎవరూ మర్చిపోరు. ఆ రోజుల్లో నా బండి 52 బస్తాలతో నెల్లూరు దాటలేక రోడ్డు పక్కన రెండు రాత్రులు నిలబడిపోయింది. పట్ట చిరగలేదు. కానీ బస్తాల మధ్య పల్లంగా ఉన్నచోట నీళ్ళు కుంట కట్టాయి. ఆ బరువుకి పట్ట సాగి, తాడు వదులై, గాలికి ఒక అంచు లేచింది. పదిహేడు బస్తాలు తడిశాయి. ఒక మంచి హుడ్ ఖర్చు ఆ రెండు రాత్రుల్లో పోయింది.

ఆ భయంలో 2022 మొదట్లో పూర్తిగా వ్యతిరేక దిక్కుకి వెళ్ళాను. జీఐ రేకుతో, అంటే జింకు పూత ఉన్న ఇనప రేకుతో, నాలుగు వైపులా మూసిన డబ్బా, వెనక రెండు తలుపులు, తాళం. డెబ్బై ఎనిమిది వేలు అయింది. వాన విషయంలో దానికి వంక పెట్టలేను. ఒక్క చుక్క దిగలేదు. మిగతా అన్నిటిలోనూ అది నా పనికి సరిపోలేదు.

మొదటిది బరువు. కాటా వేయిస్తే డబ్బా ఒక్కటే 220 కిలోలు తూగింది. 1,700 కిలోలంటే 25 కిలోల బస్తాలు 68. డబ్బా బరువు తీసేస్తే 59. అంటే ప్రతి ట్రిప్పులో తొమ్మిది బస్తాల చోటు నేను కప్పుకే ఇచ్చేస్తున్నాను. ఏం కాదులే అని 68 ఎక్కిస్తే అది ఓవర్‌లోడే. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత సెక్షన్ 194 కింద దానికి జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకీ 2,000. కప్పు బరువు కూడా సరుకు లెక్కలోకే వస్తుందని కొనే రోజున మనకి తట్టదు. ఇప్పుడున్న హుడ్, కమాన్లతో కలిపి 75 కిలోలు. 65 బస్తాలు హాయిగా పడతాయి.

రెండోది వేడి. మే నెలలో ఒక మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి లోపల థర్మామీటర్ పెట్టి చూశాను. బయట 42 డిగ్రీలు, లోపల 54. మేతలో నూనె, విటమిన్లు ఉంటాయి. అంత వేడిలో గంటలకొద్దీ ఉంచకూడదు. అదే వేసవిలో నిమ్మకాయల కిరాయి ఒకటి ఒప్పుకున్నాను. తలుపు తీయగానే ఉడికిన వాసన వచ్చింది. మళ్ళీ ఆ డబ్బాలో కాయలు ఎక్కించలేదు.

మూడోది బస్తాలు మోసే ముఠా వాళ్ళ కష్టం. ఇది నేను అసలు ఆలోచించని సంగతి. మామూలు తొట్టికి మూడు వైపులా డోర్లు దిగుతాయి. లారీ పక్కన పెట్టి బస్తా భుజం మీంచి నేరుగా తొట్టిలోకి జారుస్తారు. డబ్బా వేశాక పక్క డోర్లు లేవు. వెనకనుంచి ఎక్కి, వంగి, చివరిదాకా నడవాలి. మూడు నెలలు ఓపిక పట్టి ముఠా మేస్త్రీ ఒకరోజు చెప్పేశాడు. "అన్నా, ఈ డబ్బాలోకి ఒంగి ఒంగి మావోళ్ళ నడుములు పడిపోతుండాయి. బస్తాకి ఇంకో రెండు రూపాయలన్నా ఏసుకో, లేదంటే ఇది తీపిచ్చెయ్." ఆయన అడిగింది న్యాయం. యాభై కిలోమీటర్లు నడిపేవాడికి కనపడని విషయం యాభై బస్తాలు మోసేవాడికి కనపడుతుంది. కప్పు కట్టించే ముందు మీకు సరుకు ఎక్కించే మనుషుల్ని తప్పకుండా అడగండి.

కాగితాల సంగతి కూడా చిన్నది కాదు. ఓపెన్ బాడీగా రిజిస్టరైన బండికి మూసిన డబ్బా కట్టిస్తే అది మార్పు కింద వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ముందే అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. నేను రాయించాను. డబ్బా తీసేసినప్పుడు మళ్ళీ అదే పని. హుడ్ కట్టించే ముందు కూడా ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. బోల్టులు విప్పితే ఊడొచ్చే కమాన్లు కాబట్టి అడ్డు చెప్పలేదు, 2024లో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ తనిఖీ) హుడ్‌తోనే అయింది. మీ బండికి మీరూ అడిగి, ఆ తర్వాతే షెడ్డుకి వెళ్ళండి.

డబ్బాని చివరికి బిస్కెట్లు, చిరుతిళ్ళు వేసే ఒక ఏజెన్సీ ఆయన కొనుక్కున్నారు. ఆయనకి అది చక్కగా సరిపోయింది. సరుకు తేలిక, చిల్లర దొంగతనాల భయం ఎక్కువ, ఎక్కించే పని తక్కువ. అలాంటి వాళ్ళకి డబ్బానే మంచిది.

ఫైబర్ టాప్ గురించి అడిగేవాళ్ళు ఉంటారు. అది నేను వాడలేదు, ఒంగోలులో మా బావ వాడుతున్నాడు. ఆయనది ఇసుజు వీ-క్రాస్, శ్రీసిటీలో తయారయ్యే బండి. చీమకుర్తి క్వారీలకి పనిముట్లు వేసుకుని తిరుగుతాడు. చూడ్డానికి బాగుంటుంది, తాళం పడుతుంది, తుప్పు లేదు. కానీ క్వారీ రోడ్డు మీద పోయొచ్చాక వెనక అద్దం ఎత్తితే లోపల పనిముట్ల మీద తెల్లటి దుమ్ము పొర. ముందంతా మూసి ఉంటే ఎక్కడినుంచి వచ్చిందా అని ఇద్దరం కూర్చుని వెతికాం. కింద డోరుకీ తొట్టికీ మధ్య వేలెడు సందు ఉంది. బండి ముందుకి దూసుకుపోతుంటే దాని వెనక గాలి పలచబడుతుంది. చక్రాలు లేపిన దుమ్మూ నీటి తుంపరా ఆ చోటుకి చేరి, దొరికిన సందులోంచి లోపలికి పోతాయి. ఆ సందుకి చుట్టూ రబ్బరు అంటించాక దుమ్ము చాలా తగ్గింది.

మా బావ బండి దగ్గర తెలిసిన ఈ ఒక్క విషయం నా హుడ్‌ని మార్చేసింది. అందరం పైకప్పు గుడ్డ ఎంత మందం అనే అడుగుతాం. నడిచే బండికి వెనక తెర పైకప్పు కంటే ముఖ్యం.

ఇక హుడ్. 2023 జూన్‌లో నెల్లూరులో ఒక షెడ్డులో కట్టించాను. జీఐ పైపుతో ఐదు కమాన్లు, వాటిని కలుపుతూ నిలువు పైపులు, పైన పీవీసీ పూత ఉన్న పాలిస్టర్ గుడ్డ. మనవాళ్ళు రెక్సిన్ అనే అంటారు. 680 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 680 గ్రాములు తూగేది తీసుకున్నాను. మొత్తం 34 వేలు. పక్క తెరలు పైకి చుట్టి పట్టీలతో కట్టుకోవచ్చు, డోర్లు మామూలుగానే దిగుతాయి. ముఠా వాళ్ళు మొదటిరోజే సంతోషపడ్డారు. నిమ్మకాయలు వేసినప్పుడు రెండు పక్కలా సగం చుట్టి గాలి ఆడనిస్తాను. మైలేజీ డబ్బాతో లీటరుకి పదకొండున్నర వచ్చేది, ఇప్పుడు పన్నెండున్నర.

గుడ్డ కొనేటప్పుడు అతుకులు చూడండి. పైకప్పులో అతుకు ఉంటే అది వేడితో అతికించినదై ఉండాలి. కుట్టు వేస్తే సూది పోయిన ప్రతి చిల్లూ ఒక కారుపే. కట్టడానికి వేసే రింగులు ఇత్తడివి అడగండి. ఇనప రింగు ఆరు నెలల్లో తుప్పు పట్టి చుట్టూ ఉన్న గుడ్డని తినేస్తుంది. కమానుకి మధ్యలో నాలుగు వేళ్ళ ఎత్తు వంపు కావాలి. చదునుగా కడితే పట్ట మీద కట్టినట్టే నీళ్ళు కుంట కడతాయి. గుడ్డ ఆనేచోట కమాన్లకి పాత ట్యూబు ముక్కలు చుట్టించాను. ఎక్కడా ఒరుసుకోలేదు. వందల్లో అయిపోయే పని, మేస్త్రీలు తమంతట తాము చెప్పరు.

నేను మోసపోయింది వెల్డింగ్ దగ్గర. జీఐ పైపు అంటే తుప్పు పట్టదని ధైర్యంగా ఉన్నాను. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఉన్న జింకు పూత కాలిపోతుంది. అక్కడ ఉత్త ఇనుమే మిగులుతుంది. షెడ్డులో దానిమీద మామూలు వెండిరంగు కొట్టి ఇచ్చారు. మెరుస్తూ ఉంది, నేనూ సరే అనుకున్నాను. సముద్రపు గాలి, పైగా చెరువు గట్ల ఉప్పునీటి మట్టి. తొమ్మిది నెలలకి ప్రతి అతుకు దగ్గరా ఎర్రటి చార కారింది. అన్నీ గీకించి, జింకు ఎక్కువ ఉండే ప్రైమర్ కొట్టించి, పైన రంగు వేయించాను. అప్పట్నుంచి బాగుంది. మీరు ముందే, గుడ్డ వేయకముందే ఆ పని చేయించండి. కమాను కాళ్ళు దిగే గొట్టాలకి అడుగున చిల్లు ఉందో లేదో కూడా చూడండి. చిల్లు లేకపోతే నీళ్ళు నిలిచి పైపు లోపలినుంచి తుప్పు తింటుంది. వారానికి ఒకసారి మంచినీళ్ళతో కడుగుతాను, కమాన్ల కాళ్ళు మరీ శ్రద్ధగా.

హుడ్‌కి అసలైన పరీక్ష మిచాంగ్ తుపాను. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకు ముందు రెండు రోజులూ మన జిల్లాని ముంచెత్తింది. 40 బస్తాలు దించే వీలు లేక బండి మా ఇంటి ముందే నిలబడింది. రాత్రి టార్చి వేసుకుని నాలుగుసార్లు వెళ్ళి చూశాను, 2021 గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పైనుంచి చుక్క పడలేదు. ముందు వైపు కూడా పొడిగానే ఉంది. కానీ వెనక అడుగు వరసలో మూడు బస్తాలు తడిశాయి. వెనక తెర కింది అంచు డోరు లోపలివైపుకి పడి ఉంది. గుడ్డ మీద జారిన నీళ్ళన్నీ నేరుగా తొట్టిలోకి దిగాయి. తప్పు గుడ్డది కాదు, అంచుది. తెర ఎప్పుడూ డోరుకి బయట, జానెడు కిందికి దిగి ఉండాలి. ముందు వైపు గుడ్డ కూడా అంతే, కేబిన్ వెనక జాలీకి బయటినుంచి కిందికి దిగి బిగిసి ఉండాలి. లేకపోతే హైవే మీద వాన ఆ సందులోంచి కొడుతుంది.

హుడ్‌లో లోపాలు ఉన్నాయి. బ్లేడు ఉన్నవాడికి అది అడ్డం కాదు. అందుకే చెరువుల మందులు, ప్రోబయాటిక్ డబ్బాలు కేబిన్‌లోనే పెడతాను, రాత్రి సరుకుతో బండిని బయట వదలను. వేగం డెబ్బై దాటితే పక్క తెరలు టపటపమని కొట్టుకుంటాయి. ఖాళీ బండితో గాలివానలో జాతీయ రహదారి మీద పోతుంటే పక్కకి తోస్తున్నట్టు తెలుస్తుంది. అలాంటప్పుడు తెరలు చుట్టేసి నెమ్మదిగా పోవడమే.

గుడ్డ పైభాగం ఇంకో రెండేళ్ళు వచ్చేట్టుంది, రంగు వెలిసింది గానీ ఎక్కడా పగల్లేదు. వెనక తెర మాత్రం డోరుకి రాసుకుని కింది అంచు చీలింది. పోయిన నెల మార్పించాను. ఈసారి జానెడు ఎక్కువ పొడవు పెట్టించి, గాలికి లేవకుండా అంచు మడతలో సన్నటి గొలుసు వేసి కుట్టించాను. గొలుసు తుప్పు గుడ్డకి అంటకుండా దానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగించాను. మొన్న అల్లూరు నుంచి వానలో వచ్చాను. తెర కదల్లేదు, వెనక వరస బస్తాలు చేత్తో తడిమి చూస్తే పొడిగా ఉన్నాయి.