బీఎస్సీ నర్సింగ్‌కి ఎడ్యుకేషన్ లోన్: అయిదేళ్లుగా కడుతున్నాక నా రివ్యూ

లోన్‌కి ఏ కాగితాలు పెట్టాలి, ఎక్కడ అప్లై చేయాలి అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు కడుపుమంటంతా వడ్డీ రాయితీ మీదే. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, చదివినంత కాలం, ఆపైన ఇంకో ఏడాది వడ్డీ కేంద్ర ప్రభుత్వమే కడుతుంది. 2009 నుంచి ఉన్న పథకం. కాగితం మీద దీన్ని మించింది లేదు.

2015లో మేనేజ్‌మెంట్ సీటులో చేరాను. ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు. అంతవరకైతే తాకట్టు, గ్యారంటీ అడగరు కాబట్టి నాన్న కో-బారోయర్‌గా (నాతో పాటు అప్పుకు బాధ్యుడిగా) సంతకం పెడితే సరిపోయింది. మొదటి రెండేళ్ల రాయితీ కాస్త అటూ ఇటూగా ఖాతాలో పడింది. ఆ సంబరంలో మా ఊళ్లో బైపీసీ చదివే అమ్మాయిలందరికీ ‘అసలు కట్టుకుంటే చాలు, వడ్డీ బాధ లేదు’ అని నేనే చెప్పేదాన్ని. అది అబద్ధమేం కాదు. ఇప్పుడు మాత్రం ‘బ్యాంకు వాళ్లు క్లెయిమ్ పెడితే’ అని ముందు చేరుస్తున్నా.

మూడో ఏడాది నుంచి రాయితీ ఆగిపోయింది. ఆ సంగతి మాకు తెలియనే తెలియదు. లోన్ మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో నాన్న కీప్యాడ్ ఫోన్‌కి వచ్చేవి. ఆయన వాటిని తెరవరు, ఇన్‌బాక్స్ నిండిపోతే మా తమ్ముడు డిలీట్ చేసేవాడు. నేనేమో హాస్టల్లో. చదువైపోయి, మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) కూడా ముగిసి, 2020 చివర్లో ఈఎంఐ ఎంతో కనుక్కుందామని బ్రాంచికి వెళ్తే చేతిలో స్టేట్‌మెంట్ పెట్టారు. వరసగా వడ్డీ డెబిట్లు. పైన రెండేళ్లకు మాత్రం పక్కన సబ్సిడీ క్రెడిట్ ఉంది, అక్కడి నుంచి కిందకి ఆ గడి ఖాళీ. మూడేళ్లకు కలిపి లక్షా ఇరవై వేలు దాటింది. ఆ మొత్తాన్ని అసలులో కలిపేసి 5.2 లక్షలకు ఈఎంఐ వేశారు.

“సార్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇచ్చాం కదా” అన్నాను. “నేనొచ్చి ఆరు నెలలేనమ్మా, పాత సార్ చూసుకుని ఉండాలి” అన్నారు బ్రాంచి ఆఫీసర్. పట్టుబట్టి ఫైలు తీయిస్తే మీసేవ నుంచి తెచ్చిన సర్టిఫికెట్, తహసీల్దార్ సంతకంతో సహా, ట్యాగుకి గుచ్చి అలాగే ఉంది. లేనిదల్లా క్లెయిమే. అప్పట్లో ఏటా రాయితీకి అర్హులైన వాళ్ల వివరాలు బ్రాంచి వాళ్లే పోర్టల్లో ఎక్కించాల్సి ఉండేది, దానికో గడువు ఉండేది. అది దాటితే ‘మళ్లీ తెరిచినప్పుడు చూద్దాం’ అనేవారు. మనం లాగినై చూసుకుందామంటే కుదిరేది కాదు. లబ్ధిదారు నేను, అప్లై చేయాల్సింది వాళ్లు, గడువు దాటితే వడ్డీ మాత్రం నాకు!

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాను. జీతం 16 వేలు, పీఎఫ్, హాస్టల్ పోగా చేతికి 14 వేల లోపు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బాండ్ పేరుతో వాళ్ల దగ్గరే. సుప్రీంకోర్టు చెబితే వేసిన కమిటీ 2016లోనే, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా నర్సుకు 20 వేలకు తగ్గకూడదంది. మాది అంతకు చాలా పెద్దది. పదేళ్ల కాలానికి, దాదాపు 10 శాతం వడ్డీకి 4 లక్షలకైతే ఈఎంఐ 5,300 దగ్గర ఉండేది. 5.2 లక్షలు అయ్యేసరికి 6,900 అయింది. అంటే చేతికొచ్చే జీతంలో సగం. నెలాఖరులో నైట్ డ్యూటీ దిగి బస్సెక్కుతుంటే నాన్న ఫోన్: “అమ్మా, బ్యాంకోళ్లు మళ్లీ చేశారు.” వాయిదా ఆలస్యమైతే నా సిబిల్ స్కోరుతో (అప్పు సరిగ్గా కడుతున్నామో చూపే మార్కు) పాటు ఆయనదీ పడిపోతుందని, ఆయన క్రాప్ లోన్ ఏమవుతుందోనని అదో టెన్షన్.

2021లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ మీద స్టాంపు వేయించుకున్నాను. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లొచ్చు, ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. వెళ్లాను. 2022లో ఒక రోజు ఏ ఫోనూ మెసేజీ లేకుండా చివరి రెండేళ్ల రాయితీ, దాదాపు 88 వేలు, ఖాతాలో జమైంది. నమ్మలేక రెండుసార్లు స్టేట్‌మెంట్ తీయించాను. మిగిలిన ఏడాదిది రాలేదు, ఇక రాదనే అనుకుంటున్నా. ఆ 88 వేల మీద అప్పటిదాకా వేసిన వడ్డీ కూడా తిరిగి ఇవ్వలేదు. ఈఎంఐ తగ్గలేదు, వాయిదాల సంఖ్య తగ్గింది.

ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయ పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80ఈ గురించి గొప్పగా చెబుతారు. 16 వేల జీతగాళ్లకు అసలు పన్నే లేదు. పన్ను లెక్క చూసుకునే జీతం వచ్చేసరికి కొత్త పన్ను విధానం వచ్చింది, అందులో 80ఈ లేదు.

మరి లోన్ తీసుకోవచ్చా? నాకైతే చివరికి గిట్టుబాటైంది. అయితే అందుకు కారణం లోన్ కాదు. తెలంగాణలో 2022 డిసెంబరులో వచ్చిన స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్‌లో ఎంపికై, 2024 మొదట్లో ఆర్డర్ అందుకున్నాను. మూల వేతనం 36,750 నుంచి మొదలయ్యే స్కేలు. అదే 6,900 ఇప్పుడు పెద్దగా తెలియడం లేదు. నాతో చదివిన వాళ్లలో ఇప్పటికీ ప్రైవేటులో ఉన్నవాళ్లను అడిగితే ఇదే రివ్యూ వేరేగా ఉంటుంది.

ఇంకో మాట. ఆ పోస్టుకి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లూ అర్హులే. నా పక్క వార్డులో అక్క మూడేళ్ల జీఎన్ఎం చదివి, అప్పు లేకుండా ఇదే స్కేలులో చేరింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే బీఎస్సీ కోసం నాలుగు లక్షల అప్పు అక్కర్లేదేమో ఆలోచించండి. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష మీద కన్నుంటే లెక్క మారుతుంది. అక్కడ కేంద్ర జీతాల స్కేలులో లెవెల్ 7, మూల వేతనం 44,900. బీఎస్సీ అయితే నేరుగా రాయొచ్చు, జీఎన్ఎం అయితే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. కన్వీనర్ సీటు వచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటే ఈ గోలంతా చాలావరకు తప్పుతుంది.

తీసుకుంటే మాత్రం మెసేజ్‌లు మీ నంబరుకే వచ్చేలా మార్పించుకోండి. ఏటా ఏప్రిల్‌లో స్టేట్‌మెంట్ తీసి సబ్సిడీ గడి చూడండి. ఖాళీగా ఉంటే ఆ వారమే రాసి ఇవ్వండి, స్టాంపు లేకుండా వెనక్కి రాకండి.

అయిదుకి మూడు ఇస్తున్నా. గడువుకు ముందే మొత్తం కట్టేస్తే పెనాల్టీ లేదు, ఆ వీలు బాగుంది. ఈ ఏడే తేల్చేద్దామనుకున్నా, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు అడ్డొచ్చింది. వాడికి లోన్ పెట్టలేదు, నా జీతంలోంచే కడుతున్నాం.